ఇంటికొక గ్రూపు

మా పక్కింటి ల్యాబ్ టెక్నీషియన్ మొన్న సోమవారం గుండెపోటుతో పోయాడు. నిన్నటి సంతాప సభలో కాలనీ అధ్యక్షుడు మైకు పట్టుకుని, “ఆయనా నేనూ కలిసి ఎన్నో ప్రాణాలు కాపాడాం” అన్నాడు. నాకు మైకు ఇవ్వలేదు. అందుకే రాస్తున్నాను.

ఆరేళ్ల కిందట ఈ అధ్యక్షుడే రక్తపరీక్షల శిబిరం పెట్టి, రేషను కార్డు పంచినట్టు ఇంటికొక కార్డు పంచాడు. యజమానికి పరీక్ష చేసి, ఇల్లంతటికీ అదే గ్రూపు రాయించాడు. మా కార్డు మీద బి పాజిటివ్. ఇన్ని పుస్తకాలు చదివిన నేను దాన్ని లామినేషన్ చేయించి దాచుకున్నాను.

ఆ ఏడే నా భార్యకు గర్భసంచి ఆపరేషన్‌లో రక్తస్రావం ఆగలేదు. వెంటనే రక్తం ఎక్కించాలన్నారు. కార్డుతో, ఆమె రక్తనమూనాతో కింది అంతస్తులోని బ్లడ్ బ్యాంకుకు పరుగెత్తాను. వెంట అధ్యక్షుడు. కిటికీ అవతల మా పక్కింటాయన.

“పేషెంట్ పేరు జెప్పుండ్రి సార్.”

ఇరవై ఏళ్లు మా ఇంట్లో చాయ్ తాగిన మనిషి! ఎవరొచ్చినా ఆయన అలవాటదే. పేరు అడిగి, ట్యూబు మీద ఉన్నది పైకి చదివి, మళ్లీ అడిగేవాడు.

“అక్క పేరు నాకెర్కనే. గని మీ నోటితోనే రావాలె.”

చెప్పాను. కార్డు చాపితే పక్కన పడేశాడు.

“అగో, రాసే ఉన్నది గద! కండ్లు గనవడ్తలేవా?” అధ్యక్షుడు అరిచాడు. “రేపే నిన్ను ఏటూరునాగారం అడవులకు ట్రాన్స్‌ఫర్ చేపిస్త!”

“చేపియ్యి అన్నా. నేను నెత్తురిచ్చేది కార్డుకు గాదు, అక్కకు. ఇంటిపేరు ఒక్కటైతది, నెత్తురు ఒక్కటిగాదు.”

“నీ చదువెంత, నా చదువెంత? బి పాజిటివ్ ఇయ్యి!” ఈ మాట అన్నది నేనే.

ఆయన గాజుపలక మీద ఆమె రక్తం మూడు చుక్కలు వేసి, ఒక్కోదానికి ఒక్కో మందు కలిపి మెల్లగా ఊపాడు.

“మీ కార్డు నిజమైతే ఈ నడిమి చుక్క విరిగిన పాల లెక్క ముద్దలు గట్టాలె. చూడుండ్రి.”

పైనుంచి నర్సు ఫోన్ మోగుతూనే ఉంది. మొదటి చుక్క నున్నగా ఉంది. నడిమిదీ నున్నగానే ఉంది. మూడోదే ముద్దకట్టింది.

“ఏ లేదు, బి లేదు, పాజిటివ్ ఒక్కటే ఉన్నది. అంటే ఓ పాజిటివ్. బి ఎక్కిస్తే అక్క ఒంట్ల నెత్తురే దాని మీద తిరగబడుతుండె. అక్క మనకు దక్కకపోతుండె.”

వెనక్కి తిరిగి చూస్తే అధ్యక్షుడు లేడు. సంచిలోని రక్తాన్నీ ఆమె రక్తంతో కలిపి చూసేదాకా పక్కింటాయన నన్ను బల్ల మీదే కూర్చోబెట్టాడు.

ఆ కార్డులు ఇంకా మీ బీరువాల్లో ఉంటాయి. చింపేయండి. ఇంట్లో ఎవరి పరీక్ష వారికి చేయించండి.

ఆ రోజు రక్తం సంచిని ఆయనే పైకి తెచ్చాడు. తేడా వస్తే మొదటి పావుగంటలోనే వస్తుందని మంచం పక్కన నిలబడ్డాడు. క్షమించమని అడగబోయాను. తల తిప్పకుండానే చూపుడువేలెత్తి ఆగమన్నాడు. రెండో చేయి నా భార్య మణికట్టు మీద ఉంది. గొట్టంలో ఒక్కొక్కటిగా జారుతున్న చుక్కలను ఆయన పెదవులు లెక్కపెడుతున్నాయి.