బూబమ్మ ఎక్కించిన గాజులు

అప్పట్లో ఎమ్మిగనూరు బజారులో మాకు డాక్టరు కంటే, టీచరు కంటే గొప్పగా కనబడిన మనిషి బూబమ్మ. ఆమె గాజుల కొట్టులో ఇద్దరు ఆడవాళ్లు కూర్చుంటే మూడో ఆమె మెట్టు మీదే నిలబడాలి. (ఇప్పుడక్కడ సెల్‌ఫోన్ల అంగడి.) బూబమ్మ ఎవరినీ సైజు అడిగేది కాదు. చెయ్యి పట్టుకుని, ముఖం వైపు చూస్తూ, మెత్తగా ఒత్తి గాజులు ఎక్కించేసేది.

నాకు పద్దెనిమిదేళ్లు. మా పిన్ని కూతురి చెయ్యి సన్నం, నాది (మగ్గం నేసే ఇంటి పిల్లను కదా) మొద్దు. అయినా ఆ పిల్ల సైజే కావాలని పట్టుబట్టాను. "నీకు ఇంగో సైజు పెద్దవి కావాల బేటీ," అంది బూబమ్మ. నేను వింటేగా! "సరే. ఎక్కించేది నా పని, దించుకునేది నీ పని," అని చేతికి ఆరేసి ఆకుపచ్చ గాజులు ఎక్కించింది. బజారంతా నన్నే చూస్తోందనుకుంటూ చేతులు ఊపుకుంటూ ఇంటికి నడిచాను.

వారం తిరక్కుండా కర్నూలులో నర్సు ట్రైనింగుకు రమ్మని కాగితం వచ్చింది. మరునాడే చేరాలి, చేతులకు గాజులు ఉండకూడదు. సబ్బు అయింది, కొబ్బరినూనె అయింది, గాజులు కదల్లేదు గానీ చేతులు ఉబ్బాయి. పగలగొడదామని రాయి తెస్తే మా అవ్వ అడ్డం పడింది. "ఇంట్లో ఇంతమంది ముత్తైదువలుండంగ గాజులు పగలగొడతావా? నర్సూ వద్దు, ఏమీ వద్దు, మగ్గం కాడ కూసో!" నా ఏడుపు ముందు మగ్గాల చప్పుడు కూడా వినబడలేదు.

ఆ ఏడుపుతోనే బూబమ్మ దగ్గరికి పరుగెత్తాను. ఆమె ఒక్క మాట దెప్పలేదు. నా చేతులు ఒళ్లో పెట్టుకుని, "ఏం కూర సేసినారు మీ ఇంట్లో?" అంది. నా బతుకు పోతుంటే ఈమెకు కూర కావాలా అని మండిపోతూ, "గోంగూర," అన్నాను. "ఎల్లిపాయ ఏసినారా?" అంది. ఏశారో లేదో నేను గుర్తు చేసుకునేలోపు పన్నెండు గాజులూ ఆమె ఒళ్లో ఉన్నాయి. ఒక్కటీ పగల్లేదు. "పో బేటీ. ఇంగ శానామంది సేతులు పట్టుకుంటావు నువ్వు," అని సాగనంపింది.

ఇప్పుడు ఆదోనిలో నర్సు ట్రైనింగు పిల్లలకు పాఠాలు చెబుతున్నాను. మొన్న ఒక పిల్ల చేతి గాజులు ఊడి రాక కళ్లనీళ్లు పెట్టుకుంటే, ఇంత అనుభవం ఉంది కదా అని ఆమె చెయ్యి ఒళ్లో పెట్టుకుని, "ఏం కూరమ్మా?" అని అడిగాను. "హాస్టలు సాంబారు మేడమ్," అని ఆ పిల్ల అనడం, గాజు పటుక్కుమనడం ఒకేసారి జరిగాయి. ఆ పిల్ల ఫక్కున నవ్వింది, నేనూ నవ్వాను. ఇన్నేళ్లలో వేలమంది చేతులు పట్టుకున్నాను. బూబమ్మ నా చెయ్యి పట్టుకున్నట్టు ఒక్కసారీ పట్టుకోలేకపోయాను.