మిణుగురు ఎంజైమూ దుబాయ్ డబ్బా

వచ్చినవాళ్లందరినీ "తర్వాతెవలు?" అని కసురుకునే ల్యాబ్ మనిషి ఆ రోజు నా థైరాయిడ్ రిపోర్టు చూసి, "అక్కా, జర కూసో" అన్నాడు. ఆ మర్యాదకే నాకు భయం పట్టుకుంది. మా కరీంనగర్ ల్యాబుల్లో ఊరికే ఎవరూ కుర్చీ చూపించరు.

థైరాయిడ్ అతిగా పనిచేస్తోందట. "ముందు మాత్రలు ఇస్తా. తగ్గకపోతే రేడియో అయోడిన్ తాగాలె. ఒంట్లకెల్లి రేడియేషన్ వస్తది, కొన్ని రోజులు పిల్లల్ని దగ్గరికి రానియ్యద్దు," అని డాక్టరమ్మ ధైర్యం చెప్పారు. నాకు ఏడేళ్ల బిడ్డ, నాలుగేళ్ల కొడుకు. వాడు నా చెవి పట్టుకోనిదే నిద్రపోడు. ఎంతో ధైర్యంగా ఇంటికొచ్చి బాత్రూంలో కూర్చుని ఏడ్చాను.

మాత్రలు మొదలుపెట్టే ముందు ఖాయం చేసుకోవడానికి నా రక్తం హైదరాబాద్ పంపారు. థైరాయిడ్‌ను పనిచేయించే రిసెప్టర్ ఉన్న కణాలను అక్కడ పెంచుతారట. వాటిలో మిణుగురు పురుగు ఎంజైమ్ ఉంటుంది. నా రక్తంలో రోగం తెచ్చే యాంటీబాడీ ఉంటే, కాలింగ్ బెల్ నొక్కినట్టు ఆ రిసెప్టర్‌ను నొక్కుతుంది, కణాలు వెలుగుతాయి. డిగ్రీలో బయాలజీ చదివినదాన్ని కదా, ఇంట్లో ఇదంతా వివరించాను.

"అంటే వెలిగితే మంచిదా?" అన్నాడు మా ఆయన.

"కాదు."

"మరి దేవుని కాడ దీపం పెట్టాల్నా, వద్దా?" అంది అత్తమ్మ, అగ్గిపెట్టె పట్టుకుని.

పది రోజులకు రిపోర్టు వచ్చింది. వెలగలేదు. డాక్టరమ్మ రెండు కాగితాలనూ పక్కపక్కన పెట్టి, "నువ్వేమన్న మందులు వాడుతున్నవా?" అని అడిగారు.

"ఏం లేవు మేడం." మొదటిరోజు ల్యాబ్‌లోనూ ఇదే చెప్పాను.

"మరి గా దుబాయ్ డబ్బా?" అంది తోడొచ్చిన అత్తమ్మ.

జుట్టు రాలకుండా దుబాయ్‌లో ఉన్న మరిది పంపిన మాత్రలవి. ఖర్జూరాలు, తలనొప్పి బామ్ మధ్యలో వచ్చాయి. గల్ఫ్ పార్సిల్‌లో వచ్చింది మా ఇళ్లలో మందు కింద లెక్క కాదు, ప్రేమ. ఆ ప్రేమను రోజుకు రెండు చొప్పున మింగాను. అందులోని బయోటిన్ అనే విటమిన్ మొదటి పరీక్షను తప్పుదారి పట్టించి ఉంటుందట. మిణుగురు కణాలు మాత్రం మోసపోలేదు.

"చదువుకున్నదానివే గదమ్మా," అన్నారు డాక్టరమ్మ, చాలా మెత్తగా.

ఆ డబ్బా వారం ఆపి మళ్లీ పరీక్షిస్తే అంతా మామూలే. ల్యాబ్ మనిషి ఈసారి కుర్చీ చూపించలేదు. అంత హాయి ఎప్పుడూ ఎరగను.

మర్నాడు పొద్దున బిడ్డకు జడ వేస్తూ ఇద్దరికీ చెప్పాను: "అమ్మ ఎటూ పోదు. అమ్మ జుట్టు పోతె పోనియ్యిండ్రి. డాక్టర్ ఏం తింటున్నవని అడిగితె, దుబాయ్ నుంచి మీ చిన్నబాపు పంపినయి సుత చెప్పాలె."