కేకుకి బదులు ఫోటో

మాది ఇందుకూరుపేట దగ్గర. పక్కింటి మేరీ అక్క ఏటా క్రిస్మస్‌కి కేకు పంపిస్తుంది. మేము ఫోన్లో శుభాకాంక్షలు పంపించి చేతులు దులుపుకుంటాం. పోయిన క్రిస్మస్‌కి మా ఆయన కొత్త తెలివి చూపించినాడు. హాల్లో అందరినీ నిలబెట్టి ఫోటో తీసి, ముఖం కనిపించిన చోటల్లా ఎర్ర టోపీ పెట్టే యాప్‌లో వేసి, చూడకుండానే ఊరందరికీ పంపేసినాడు.

కాసేపటికి మేరీ అక్క ఫోన్ చేసి, "దండేసుకున్న క్రిస్మస్ తాతని ఇప్పుడే చూస్తున్నా పద్మా" అనింది. చూస్తే, మా వెనక గోడ మీద, చనిపోయిన మామగారి పటానికి కూడా టోపీ.

అత్తమ్మ ఫోన్ లాక్కునింది. మా ఆయన మెల్లిగా వాకిలి దాకా జరిగినాడు. చాలాసేపు చూసి, "మంచులో రొయ్యల గుంట కాడికి పోతా తలకి గుడ్డ కట్టుకోమంటే, బతికుండగా ఒక్కరోజు విన్నాడా ఈ మనిషి" అనింది.

మేము పంపిన శుభాకాంక్షల్ని ఇన్నేళ్లలో అంతసేపు చూసింది అత్తమ్మ ఒక్కతే.