దూరదృష్టి ఉందన్నారు...

మా చిన్నప్పుడు... "వచ్చే ఆదివారం కాకినాడ తీసుకెళ్ళి కళ్ళజోడు చేయిస్తాన్రా" అని మా మేనమామ మాటిచ్చాడు. యానాం ఆసుపత్రి మెట్ల మీద, నా బుగ్గ గిల్లి మరీ.

అప్పటికి నాకు తొమ్మిదేళ్ళు. గోదావరి అవతల ఎదుర్లంక రేవులో పడవ కదిలితే, అది ఎవరిదో ఇవతల గట్టు మీంచే చెప్పేవాణ్ణి. పుస్తకం తెరిస్తే మాత్రం అక్షరాలు అలుక్కుపోయేవి... రెండు వరుసలకే కణతలు పోటెత్తేవి.

"ఎదుర్లంకలో పడవ కనబడుద్ది గానీ, ముక్కు కింద అక్షరం కనబడదేంట్రా సన్నాసీ!" అనేవారు మాస్టారు. క్లాసంతా నవ్వేది.

పాండిచ్చేరి నుంచి వచ్చిన డాక్టరుగారికి తెలుగు అంతంతమాత్రం. నా కళ్ళు చూసి, "బాబుకి దూరదృష్టి. అద్దాలు కావాలి" అన్నారు. దగ్గరిది కనబడని జబ్బుకి ఆయన చెప్పిన పేరది.

ఆ రెండు మాటల్లో మొదటిదే మా ఇంటికి చేరింది. మేనమామ వీధిలోంచే కేకేశాడు.

"అక్కోయ్! మనోడికి దూరదృష్టంట! డాక్టరే అన్నాడు. పెద్ద ఆఫీసరవుతాడు చూడు!"

అమ్మ మురిసిపోయి, ఉప్పుతో దిష్టి తీసింది. నా కళ్ళకు జరిగిన వైద్యం అదొక్కటే.

"మరి కళ్ళజోడో, మావయ్యా?"

"ముసలోళ్ళు పెట్టుకునేది నీకెందుకురా? ఏటి అవతల పడవ చెప్పే కళ్ళురా నీవి!"

డాక్టరుగారి చీటీతో చుట్ట ముట్టించుకున్నాడు. డాక్టరు మాట రెండో సగం కూడా విన్నవాడే... మేనల్లుడికి కళ్ళజోడంటే నామోషీ.

అయిదో తరగతి తప్పాను. నా ఈడువాళ్ళు పై తరగతికి వెళ్ళిపోయారు. సాయంత్రాలు పక్కింటి అరుగు మీద, ఒకే కథల పుస్తకం మీదకి నాలుగు తలలు వంచి పడీపడీ నవ్వేవారు. నేను వెళితే, "నీకెందుకెహె, పోయి పడవలు చూసుకో" అనేవారు. గట్టు మీద కూర్చుని, ఎవరూ అడక్కపోయినా, ఏ పడవ ఎవరిదో చెప్పుకునేవాణ్ణి... నాకు నేనే.

ఇరవై నాలుగో ఏట సొంతంగా కళ్ళజోడు కొనుక్కున్నాను. తలకట్టు, గుడి, సున్నా విడివిడిగా కనిపించాయి. మొదట పిల్లల కథల పుస్తకమే తెచ్చుకున్నాను. నవ్వాల్సిన చోట నవ్వాను... పక్కన ఇంకో తల లేదు.

తరవాత గది నిండా పుస్తకాలు చదివాను. ఆ అరుగు మీది పుస్తకం మాత్రం ఇంకా బాకీయే.

ఇప్పుడు కనకాలపేట వైపు వెళితే, రంగురంగుల కళ్ళజోళ్ళు పెట్టుకుని పిల్లలు ఆటోలో కూడా చదువుకుంటున్నారు. నాకు అసూయే. దాచుకోను.

పుస్తకం తీస్తే తలనొప్పి అనే పిల్లలు మీ ఇంట్లో ఉంటే, తిట్టేముందు కళ్ళు చూపించండి. మిమ్మల్ని మొద్దుని చేసినవాళ్ళెవరో గుర్తుంటే, కింద రాయండి. పోయినవాళ్ళని అనకూడదంటారు. నేను అంటాను.

మా మేనమామ, సత్తిరాజు.