ఉప్పు ఇసుక

ఈ ఉదయం మా పక్క స్థలంలో లారీ ఇసుక దింపింది. నా కాళ్లు ఊరుకోలేదు. వెళ్లి చిటికెడు తీసి నాలుక మీద వేసుకున్నాను. ఈ ముసలావిడకు ఏమైందోనని డ్రైవరు కంగారుపడ్డాడు. అతనికి మస్తాన్ మేస్త్రీ గురించి ఏం తెలుసు?

పందొమ్మిది వందల అరవైల మొదట్లో అల్లూరుకు అవతల, సముద్రం దగ్గరి ఒక ఊరి బళ్లో నేను తాత్కాలిక పంతులమ్మను. తాటాకుల పాక తీసి బడికి గోడలు కడుతున్నారు. తాపీ పని మస్తాన్‌ది. సున్నంలో కలపబోయే ప్రతి బండి ఇసుకనూ ఆయన రుచి చూసేవాడు. పెన్నా ఇసుక చప్పగా ఉంటుంది, దిబ్బల ఇసుక ఉప్పగా ఉంటుంది. చెల్లెలి పెళ్లికి చిట్టమూరు వెళ్తూ ఆ పని నాకు అప్పగించాడు. "నాలిక మీద ఏసి చూడండి పంతులమ్మా. ఉప్పగుంటే బండి తిప్పి పంపించండి" అన్నాడు.

బండ్లు వచ్చాయి. కూలీలంతా చూస్తున్నారు. చదువుకున్నదాన్ని, నలుగురి ముందు మట్టి నాకడమేమిటని నాకు మహా నామోషీ వేసింది. బండివాడు పెన్నా ఇసుకేనన్నాడు. దింపమని తలూపాను.

మూడో రోజు మస్తాన్ తిరిగొచ్చేసరికి ఆయన పనివాళ్లు గోడను నడుమెత్తు లేపారు. సున్నం గీకి నోట్లో వేసుకుని, నా వైపు ఒక్కసారి చూసి, గునపం తెప్పించాడు. గోడ పడగొడుతుంటే బడి కమిటీ ప్రెసిడెంటు గారు పరుగున వచ్చి, వానలు ముంచుకొస్తుంటే ఇదేం పని, ఆ ఇసుక ఎవరు దింపించారని నిలదీశారు.

"నా పని, నా తప్పే" అన్నాడు మస్తాన్. "ఉప్పెక్కిన గోడ నిలవదు సామీ. రేపు పిలకాయల మీద పడతాది."

నేను అక్కడే ఉన్నాను. నోరు విప్పితే ఉద్యోగం పోతుందని భయం. విప్పలేదు. మిగతా పని బుచ్చిరెడ్డిపాలెం నుంచి తెచ్చిన వేరే మేస్త్రీకి ఇచ్చారు. ఊళ్లో అందరూ దాన్ని మస్తాన్ పడగొట్టిన గోడ అనేవాళ్లు. విన్నప్పుడల్లా సిగ్గుతో చచ్చిపోయేదాన్ని.

రెండేళ్ల తర్వాత నెల్లూరు ట్రైనింగు స్కూల్లో, గోవా నుంచి వచ్చిన మాస్టారొకరు మేస్త్రీ అనే మాట కథ చెప్పారు. నేను అచ్చ తెలుగనుకున్న ఆ మాట పోర్చుగీసు ఓడల్లో వచ్చిందట. వాళ్లు 'మెస్త్రె' అంటారట, స్పెయిన్ వాళ్లు 'మాయెస్త్రో'. మూలం లాటిన్ మాట, అర్థం పెద్ద, పైవాడు. పనిలో ఆరితేరినవాణ్ణీ, బడిపంతుల్నీ, పడవ నడిపే పెద్దనూ ఆ దేశాల్లో అదే మాటతో పిలుస్తారట. సెలవు దొరకగానే మస్తాన్ ఇంటికి వెళ్లాను. మాట కథ చెప్పడం ఒక వంక, క్షమాపణ అడగడం అసలు పని.

అంతా విని, పంతులూ మేస్త్రీనేనా అని నవ్వుతాడనుకున్నాను. ఆయన మనసు పడవ దగ్గర ఆగింది. "పడవ మునిగితే కూలోళ్లనడగరు గదా పంతులమ్మా, నడిపేవోణ్ణే అడగతారు. ఆ పొద్దు నేను చెప్పింది అదే" అన్నాడు. ఊళ్లో నిజం చెప్పేస్తానంటే వద్దన్నాడు. "మీ బళ్లో పిలకాయ తప్పు చేసినప్పుడు మీరు లేచి నిలబడండి. అది చాలు."

తర్వాత ముప్పై ఏళ్లు చెప్పాను చదువు. ఇన్‌స్పెక్టర్ల ముందు పిల్లలు తడబడినప్పుడల్లా నేనే సరిగా చెప్పలేదండీ అన్నాను. ఒకసారి మెమో కూడా వచ్చింది. బెంగపడలేదు. కానీ ఆయన వద్దన్నాడన్న సాకుతో, ఆయన పోయాక కూడా ఆ ఊళ్లో నిజం చెప్పలేదు.

ఈ రోజు ఇసుక చప్పగానే ఉంది. నిక్షేపంగా కట్టుకోవచ్చని డ్రైవరుకు చెప్పి లోపలికి వచ్చి, నోరు కూడా కడుక్కోకుండా ఇది రాయడానికి కూర్చున్నాను. ఆ ఊరివాళ్లెవరైనా చదివితే తెలుసుకోండి. మస్తాన్ మేస్త్రీ తప్పు చేయలేదు. ఆ ఇసుక దింపించింది నేను.