పక్క పొలం కాగితంలో చర్చి జాగ

2016లో హన్మకొండ రిజిస్ట్రేషన్ ఆఫీసు ఎదుట నాకొక చిన్న గది ఉండేది. డాక్యుమెంట్లు రాయడంతో పాటు టైటిల్ సెర్చ్ కూడా చేసేవాణ్ణి. అంటే ఒక భూమి ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వచ్చిందో పాత రికార్డుల్లో వెతికిపెట్టడం. ఈ పనిలో మనుషుల మీద నమ్మకం తొందరగా అరిగిపోతుంది. నాది అప్పటికే అరిగిపోయింది.

ఆ వానాకాలం స్టేషన్ ఘన్‌పూర్ దగ్గరి పల్లె నుంచి ఎస్తేరమ్మ వచ్చింది. దవాఖానలో ఆయాగా చేసి రిటైరైన మనిషి, వాళ్ల చర్చికి పెద్ద. పెంకుల చర్చి గోడ ఒకటి ఒరిగింది. కూల్చి స్లాబు వేసుకుందామంటే పంచాయతీ వాళ్లు స్థలం కాగితాలు అడిగారు. అవి లేవు.

"నా పెండ్లి గూడ ఆ చర్చిలనే అయింది సారూ. ఇప్పుడు జాగ ఎవరిదంటే ఏం చెప్పాలె?" అంది.

వారం రోజులు తహసీల్ ఆఫీసులో దుమ్ము మింగుతూ పాత పహాణీలు తిరగేశాను. ఏ సర్వే నంబరు ఎవరి పేరున ఉందో, ఎవరి కబ్జాలో ఉందో ఏటేటా రాసే రికార్డు పహాణీ. చర్చి ఉన్న ఆరు గుంటల జాగ, అంటే ఎకరంలో ఏడో వంతు కూడా లేనిది, పక్క పొలం రైతు కొమురయ్య తండ్రి పేరు మీదే ఉంది. ఆయన నోటిమాటగా ఇచ్చాడట. ఇప్పుడాయన లేడు. జాగ చూస్తే రోడ్డు పక్కది. కొమురయ్య నాదేనంటే చర్చి లేచిపోతుంది.

మన కాగితం దొరకనప్పుడు పక్కవాళ్ల కాగితంలో హద్దులు చూడటం మా పనిలో ఒక పద్ధతి. కొమురయ్యకూ తమ్ముడికీ తండ్రి బతికుండగానే భూమి పంచాడు. ఆ పంపకాల కాగితంలో చర్చిని హద్దుగా రాయించి ఉంటే, ఆ జాగ ఇచ్చేసినట్టు ఆయనే ఒప్పుకున్నట్టు.

ఇక నా తెలివి చూపించాను. "సర్వే పని ఉందని చెప్పి ఆ కాగితం ఫోటో తీసుకుందామమ్మా. చర్చి సంగతి ఎత్తకు" అన్నాను.

ఎస్తేరమ్మ నన్ను ఎగాదిగా చూసింది. "అబద్ధమాడి కట్టిన చర్చిల కూసోని ఏమని ప్రార్థన చెయ్యాలె సారూ?"

నాకు ఒళ్లు మండింది. జాగ పోయేవాళ్లకు లేని భయం నాకెందుకని గొణుక్కుంటూ ఆమె వెంట వెళ్లాను.

కొమురయ్య ఇంటి అరుగు మీద ఆమె ఉన్నదున్నట్టు చెప్పేసింది. "అన్నా, రికార్డుల ఆ జాగ మీ నాయిన పేరు మీదనే ఉన్నది. మా దగ్గర ఏ కాగితం లేదు. మీ పంపకాల కాగితంల చర్చి హద్దు రాసి ఉన్నదేమో జర చూస్తవా?"

కొమురయ్య నా వైపు తిరిగాడు. "అది సూపిస్తె నాకేం పోతది సారూ?"

"ఆరు గుంటలు" అన్నాను.

లేచి లోపలికి పోయాడు. ఎంతకీ రాలేదు. ఎస్తేరమ్మ కొంగు చివర వేలికి చుట్టుకుంటూ కూర్చుంది. చివరికి మడతల దగ్గర చిరిగిన కాగితం తెచ్చి నా చేతిలో పెట్టాడు. తూర్పు హద్దు చర్చి జాగ అని ఉంది. కింద తండ్రి వేలిముద్ర.

"మా నాయిన ఇది ఇడిచిపెట్టి పంచిండు. ఆయన ఇయ్యంది నేనెట్ల తీసుకుంట?" అన్నాడు.

అది రిజిస్టరు కాని కాగితం, ఒక్కటే సరిపోదు. అన్నదమ్ములిద్దరూ చర్చి పేర గిఫ్ట్ డీడ్, అంటే దానపత్రం, ఇస్తామన్నారు. రాసి చదివి వినిపించాను. సంతకం పెట్టబోయి కొమురయ్య ఆగిపోయాడు. మనసు మారిందనుకున్నాను.

"దానం అన్నది తీసెయ్యి సారూ. ఇచ్చింది మా నాయిన. నేనిచ్చినట్టు రాస్తె ఎట్ల?"

కాగితం మార్చాను. తమ తండ్రి ఇదివరకే ఇచ్చిన జాగ అని, దాని మీద తమకు హక్కు లేదని ధ్రువీకరిస్తున్నట్టు రాశాను. అన్నదమ్ములిద్దరూ సంతకాలు పెట్టారు. ఎస్తేరమ్మ ఏడ్చేసింది. నాకూ కళ్లజోడు తుడుచుకోవాల్సి వచ్చింది.

ఆ తర్వాత ఏ సెర్చ్‌కైనా పక్కవాళ్ల ఇంటికి వెళ్లి ఉన్న సంగతి చెప్పే అడుగుతున్నాను. కొన్నిచోట్ల తిట్లు కూడా తిన్నాను. నా గదికి వచ్చేవాళ్లంతా తమ పేరు ఎక్కించమని అడిగేవాళ్లే. ఇచ్చినవాడిగా తన పేరు పడకుండా చూడమని అడిగింది మాత్రం కొమురయ్య ఒక్కడే.