మంచు బండి పట్టీలు

ఇంద్రేశంలో మా లేఅవుట్ మొత్తానికీ ఇల్లు కట్టుకున్న తెలివితక్కువవాణ్ణి నేనొక్కణ్ణే. మిగతావాళ్లంతా ప్లాట్లు కొని, హద్దురాళ్లు పాతి, రేటు పెరిగేదాకా చూద్దామని ఎవరిదారిన వాళ్లు వెళ్లిపోయారు. మాకు కుడిపక్కన ఖాళీ జాగా, ఎడమపక్కన ఖాళీ జాగా, ఎదురుగా సర్కారు తుమ్మ. ఫౌజు నుంచి వచ్చిన డబ్బుతో ఇల్లు కట్టినప్పుడు మా ఆవిడ బతికే ఉంది కాబట్టి ఇరుగుపొరుగు లేని సంగతి నాకు తెలియలేదు. ఆమె ఒక్కతే పదిమంది పెట్టు. ఆమె పోయి మూడేళ్లు దాటింది. మాకు పిల్లలు కలగలేదు.

ఆదివారం చర్చిలో అందరూ నా చేతులు పట్టుకుని "వందనాలన్నా, ప్రార్థనల యాది చేసుకుంటున్నం" అంటారు. చేసుకుంటారు కూడా, నేను కాదనను. కానీ ప్రార్థనలో యాది చేసుకున్నవాళ్లు సోమవారం వచ్చి తలుపు కొట్టరు. పగలు కాజీపల్లిలో ఒక మందుల ఫ్యాక్టరీలో ఫిట్టర్ పని. అక్కడ మనుషులకు కొదవ లేదు. అయితే బీహార్ వాళ్ల గుంపు వాళ్లది, ఒడిశా వాళ్ల గుంపు వాళ్లది, పైగా ఆ మోటార్ల రొదలో సైగలు తప్ప మాటలుండవు. సాయంత్రం ఇంటికొచ్చి తాళం తీశాక మళ్లీ పొద్దున దాకా నా గొంతు నాకే వినపడదు.

అంతకుముందు చాలా ఏళ్లు ఫౌజులో మెకానిక్‌ని. అందులో కొన్నేళ్లు ఉత్తరాన కొండల్లో మంచు బండ్లు బాగుచేశాను. వాటికి ముందు చక్రాల బదులు రెండు స్కీలు, వెనక ఒక వెడల్పాటి రబ్బరు పట్టా ఉంటాయి. పట్టా తిరుగుతుంటే బండి మంచు మీద జారుతూ పోతుంది. పటాన్‌చెరులో ఈ విద్యకు ఎంత గిరాకీ ఉందో చెప్పనక్కర్లేదు. అడవిగాచిన వెన్నెల.

ఆ విద్యతో ఇంకా పనిబడే మనిషి ఈ లోకంలో ఒక్కడున్నాడు. నాతోపాటు అదే వర్క్‌షాపులో పనిచేసినవాడు, మనాలీ పైన కొండల్లోవాడు. పెన్షన్ తీసుకుని ఊరికెళ్లి పాత మంచు బండి ఒకటి కొన్నాడు. చలికాలం టూరిస్టులను ఎక్కించుకుని ఒక చుట్టు తిప్పి తెస్తాడు. అదే వాడి బతుకుదెరువు. బండి చెడితే నాకు ఫోన్ చేస్తాడు. నాకంటే చిన్నవాడు, ఇప్పటికీ ఉస్తాద్ అనే పిలుస్తాడు. మేం మాట్లాడుకునేది హిందీలో. ఇక్కడ మన మాటల్లో పెడుతున్నాను.

బండి చెడకపోతే వాడు ఫోన్ చేయడు, నేనూ చేయను. మా వర్క్‌షాపులో సుబేదారు ఒకడుండేవాడు. ఎవరు గడప తొక్కినా "ఏం ఖరాబైంది?" అనే అడిగేవాడు. ఖరాబైందేమీ లేక ఊరికే కబుర్లకు వచ్చినవాడికి చాయ్ మాట అటుంచి, నిలబడే జాగా కూడా ఇచ్చేవాడు కాదు. ఆ అలవాటు మా ఇద్దరికీ బాగా ఒంటబట్టింది. ఊరికే మాట్లాడటం మా ఆవిడ పని. నేను స్పార్క్ ప్లగ్గు గురించి చెబుతుంటే ఫోన్ లాక్కుని, వచ్చీరాని హిందీలో "క్యా తమ్మీ, ఖానా ఖాయా?" అని మొదలుపెట్టేది. వాడి ఆవు ఈనిందా, ఆపిల్ చెట్లు పూశాయా, వాడి భార్య నడుంనొప్పి తగ్గిందా, అన్నీ ఆమెకే తెలుసు. నాకు తెలిసింది వాడి బండి ఒక్కటే. ఆమె పోయాక ఫోన్లు కూడా బండి వరకే మిగిలాయి. చలికాలంలో రెండో మూడో వస్తాయి. నిజం చెప్పాలంటే, చలి మొదలైతే చాలు, వాడి బండి ఎప్పుడు మొండికేస్తుందా అని ఎదురుచూస్తాను. అది మెకానిక్ అనేవాడు చూడాల్సిన ఎదురుచూపు కాదు.

పోయిన చలికాలం మొదట్లో, ఫ్యాక్టరీలో అన్నం తింటుంటే ఫోన్ మోగింది. డబ్బా మూసేసి గేటు బయటికి పరుగెత్తాను.

"ఉస్తాద్, రేస్ ఇస్తే బండి ముక్కు లేస్తున్నది. హ్యాండిల్ తిప్పితె తిరుగుతలేదు. నిన్న ఒక జంటను తీస్కపోయి కంచెల వెట్టిన."

"దెబ్బలు తాకినయా?"

"లేదు. మంచుల పడి నవ్వుకున్నరు. కానీ ఇంకోసారి గిట్లయితే నా బండిని స్టాండ్లకెళ్లి తీసేస్తమన్నరు మా బండ్లోళ్లు. హ్యాండిల్ జాయింట్లు అన్ని కొత్తయి ఏసిన. అయినా గంతే."

నాకు ఒళ్లు మండింది. "నాడి చూడకుంట మందు పోస్తార్రా ఎవడన్న? నన్నడిగి మార్చేదుండె గద!"

వాడు నవ్వాడు. నా తిట్లు వాడికి అలవాటే. బండి వెనక భాగాన్ని తాడుతో పైకి లేపి కట్టి, వీడియోలో చూపించమన్నాను. పట్టా గాలిలో వేలాడింది. ఆ పట్టా లోపల స్ప్రింగుల చట్రం ఉంటుంది. చట్రం ముందు భాగం మరీ కిందికి దిగకుండా రెండు బెల్టు పట్టీలు దాన్ని పట్టుకుని ఉంటాయి. అవి సాగాయంటే చట్రం దిగాల్సినదానికంటే ఎక్కువ దిగి బండి ముందు భాగాన్ని పైకి నెడుతుంది. స్కీల మీద బరువుండదు, అవి మంచును పట్టుకోవు. అప్పుడు హ్యాండిల్ తిప్పినా ఒకటే, తిప్పకపోయినా ఒకటే.

"కుడి పట్టీని వేలుతోటి నొక్కు."

"ఊగుతున్నది ఉస్తాద్."

"ఎడమది?"

"గట్టిగనే ఉన్నది. కానీ అంచులు పీసులు పీసులు అయినయి."

కుడిది సాగిపోయి తప్పుకుంటే, బరువంతా ఎడమది ఒక్కటే మోస్తోందన్నమాట. ఒంటరిగా మోసేది ఎంత గట్టిదైనా తొందరగానే పీలికలవుతుంది. ఫోన్ కుడి పట్టీ బిగించిన బోల్టు దగ్గర పెట్టమన్నాను. పట్టీకున్న గుండ్రటి రంధ్రం కోడిగుడ్డులా కోలగా సాగింది. అది చూశాక ఇంకేం అడగాలో నాకు తెలిసిపోయింది.

"బోల్టు కింద వాషర్ ఏదిరా?"

"పోయినేడు విప్పినప్పుడు మంచుల పడ్డది ఉస్తాద్. ఎంత దేవులాడినా దొరకలె."

వాషర్ లేక బోల్టు తల ఏడాది పొడుగునా బెల్టును కొరికింది. నన్నడిగితే తిడతానని ఊరుకున్నాడు. తిట్టాను కూడా, తీరిగ్గా, లంచ్ బ్రేక్ అయిపోవచ్చేదాకా. ఆ పూట అన్నం చల్లారిపోయినా ఎంతో రుచిగా అనిపించింది.

ఆ పాత బండికి కొత్త పట్టీలు దొరకవు. సాగిన వాటినే కొరియర్‌లో పంపమన్నాను. అవి రాగానే పటాన్‌చెరులో ఫ్యాక్టరీలకు కన్వేయర్ బెల్టులు అమ్మే దుకాణానికి తీసుకెళ్లాను. దుకాణదారు నాకు పాత పరిచయం. పాత పట్టీని బల్ల మీద పరిచి, దాని కొలతకే గీత గీయబోయాడు.

"ఆగు సేటూ. సాగినదాని కొలత తీస్తె సాగిందే అయితది. జెర పొట్టిగ గియ్యి, ఒకటికి మూడు బెజ్జాలు పెట్టుకుందం. బిగువును బట్టి ఏదో ఒక దాంట్ల ఏసుకుంటడు."

"నువ్వెట్లంటె గట్ల." పల్చటి బెల్టు ముక్కొకటి, మందపాటిదొకటి నా ముందేశాడు. నా చెయ్యి మందపాటిదాని మీదికి పోవడం చూసి మూతి తిప్పాడు. "గంత మందంది ఎందుకే? ఈ పల్సది ఏస్తె ఒక సలికాలం నడుస్తది. తెగితె మల్ల నీకాడికే వస్తడు. పని జెర కచ్చగ చేస్తెనే గద, గిరాకి మల్ల మొఖం సూపిచ్చేది!"

అతను మాట్లాడింది వ్యాపారం. నా మనసు మాత్రం వచ్చే చలికాలం దాకా పరుగెత్తింది. పల్చటి ముక్కను చేతిలోకి తీసుకున్నాను. వంచి చూశాను. మంచి బెల్టే, ఎవరూ తప్పు పట్టరు. నిజంగానే ఒక చలికాలం నడుస్తుంది. తర్వాత తెగుతుంది, ఫోన్ మోగుతుంది, ఉస్తాద్ అన్న పిలుపు వినపడుతుంది, నేను బ్రేక్ అయిపోయేదాకా తిడతాను. మందపాటిది వేస్తే ఆ బండి ఉన్నన్నాళ్లు తెగదు. నాకు భయమేసింది. ఆ దుకాణంలో, పట్టపగలు, రబ్బరు ముక్కలు పట్టుకుని నిలబడి భయపడ్డాను.

కానీ ఈసారి వాడు గుద్దేది కంచెనే కావాలని ఏముంది? కొండల్లో బండరాళ్లుంటాయి, లోయలుంటాయి. వెనక ఎవరి బిడ్డో కూర్చుని ఉంటుంది.

"మందందే కొయ్యి," అన్నాను.

"నీ కర్మ," అన్నాడు సేటు.

రంధ్రాలు నేనే వేసుకున్నాను. డ్రిల్లుతో వేస్తే లోపలి నూలు పోగులు లాక్కొస్తాయి; పంచ్ పెట్టి ఒక్క దెబ్బతో కొట్టాలి. వెడల్పాటి వాషర్లు పట్టీకి రెండు పక్కలా సరిపడా పెట్టి, వాడి సంగతి తెలుసు కాబట్టి గుప్పెడు ఎక్కువే వేసి పార్సిల్ కట్టాను.

అందిన రోజే వాడు వీడియోలో నాకు చూపిస్తూ బిగించాడు. రెండు పట్టీలూ ఒకే వరస రంధ్రంలో వేయించి, వేలితో నొక్కించి, రెండూ ఒకే బిగువున ఉన్నాయన్నాకే బండిని కిందికి దించనిచ్చాను. ఫోన్ జేబులో పెట్టుకుని ఒక చుట్టు తిరిగొచ్చాడు. నాకు ఇంజన్ మోత, గాలి హోరు తప్ప ఏమీ తెలియలేదు.

"ముక్కు లేస్తలేదు ఉస్తాద్! ఎటు తిప్పితె అటే! ఇగ ఇది తెగేటట్టు లేదు. ఇగ నీకు తిప్పలు పెట్ట!"

సంతోషంతోనే అన్నాడు. "మంచిది," అన్నాను.

క్రిస్మస్ వెళ్లిపోయింది. కొత్త సంవత్సరం ఆరాధనా వెళ్లిపోయింది. ఫోన్ మోగేది, మోగకపోలేదు. "అన్నా, మీ పక్క ప్లాటు ఓనర్ నంబరుందా?" అని బ్రోకర్లు. ఇంకెవరూ కాదు. టీవీలో మనాలీ దారిలో మంచు పడిందని చూపించినప్పుడల్లా వాడి బండి బాగా నడుస్తోందని తెలుసుకునేవాణ్ణి. నా పని ఎంత గట్టిదో వాడి ఫోన్ రాకపోవడమే సాక్ష్యం. గర్వపడాలో ఏడవాలో తెలిసేది కాదు.

ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చి, పెరుగన్నం తిని, మెట్ల మీద కూర్చున్నాను. మధ్యాహ్నం ఎండ. ఎదురుగా తుమ్మచెట్లు. ఫోన్ తీసి వాడి నంబరు నొక్కాను. ఇన్నేళ్లలో నా అంతట నేను చేయడం అదే మొదలు. పట్టీ బోల్టులు వదులయ్యాయేమో చూసుకొమ్మని చెబుదామని, అబద్ధం కాని అబద్ధం ఒకటి సిద్ధం చేసుకున్నాను.

వెంటనే ఎత్తాడు. "ఉస్తాద్! ఏమైంది? ఏం ఖరాబైంది?"

వెనక బండి ఇంజన్ తిరుగుతోంది. ఆడవాళ్లు, పిల్లలు, బేరాలు, కేకలు. ఆదివారం, మంచి సీజన్.

"ఏం ఖరాబ్ కాలె."

"మరి?"

బోల్టుల మాట నాలుక చివరిదాకా వచ్చింది. బయటికి రాలేదు.

"ఇంట్ల మాట్లాడెటోళ్లు ఎవ్వరు లేరురా," అన్నాను. "అందుకే చేసిన."

అన్నాక సిగ్గేసింది. అవతల ఇంజన్ అలాగే తిరుగుతోంది. వాడి వంతు వచ్చినట్టుంది, ఎవరో కేకేసి పిలుస్తున్నారు. ఇంక పెట్టేద్దామని ఫోన్ చెవి దగ్గర్నుంచి తీయబోయాను.

"పెట్టకు ఉస్తాద్, పెట్టకు," అన్నాడు వాడు. "గీ లొల్లిల నీ మాట సక్కగ వినొస్తలేదు."

పిలిచేవాళ్లతో, తన టూరిస్టులను ఇంకో బండి మీద ఎక్కించుకొమ్మని వాడు చెప్పడం వినిపించింది. ఆ తర్వాత ఇంజన్ ఆపేశాడు.